మెర్జ్ క్యూ కట్టడం ఎలా, దాని మీద కంపెనీ నడపడం ఎలా

ఇద్దరు డెవలపర్లు ఒకే రోజు చెరో పీఆర్ (పుల్ రిక్వెస్ట్, అంటే తమ మార్పుని మెయిన్ కోడ్‌లో కలపమని అడగడం) పెట్టారనుకోండి. ఒకరు ధర లెక్కగట్టే ఫంక్షన్‌కి ఇంకో ఆర్గ్యుమెంట్ తప్పనిసరి చేసి, దాన్ని వాడే చోటల్లా మార్చారు. ఇంకొకరు కొత్త ఫైల్ రాసి, అందులో అదే ఫంక్షన్‌ని పాత పద్ధతిలోనే వాడారు. రెండు పీఆర్‌లకీ టెస్టులు పాస్, రివ్యూలు పూర్తి, ఫైళ్లు వేరువేరు కాబట్టి గిట్‌కి కాన్‌ఫ్లిక్ట్ ఏమీ కనపడదు. మొదటిది మెర్జ్ అయింది, కాసేపటికి రెండోదీ అయింది, అంతే, మెయిన్ బ్రాంచ్ బిల్డ్ అవ్వడం మానేసింది. ఇద్దరూ చేయాల్సిందంతా చేశారు. కానీ ఆ రెండు మార్పులూ కలిసి ఉన్న కోడ్‌ని ఎవరూ ఒక్కసారి కూడా టెస్ట్ చేయలేదు.

ఐదుగురున్న టీమ్‌లో ఇది ఎప్పుడో ఒకసారి జరుగుతుంది, ఎవరో ఒకరు సరిచేసేస్తారు. రోజుకి నలభై పీఆర్‌లు వెళ్లే టీమ్‌లో మాత్రం ఇది మామూలు విషయం అయిపోతుంది, మెయిన్ విరిగినప్పుడల్లా అందరి పనీ ఆగిపోతుంది, ఎవరి కమిట్ వల్ల విరిగిందో వెతకడానికే సగం పూట పోతుంది. మెర్జ్ ఆటోమేషన్ అంటే ఈ సమస్యని తీర్చడం. పీఆర్‌కి లేబుల్ పెడితే బటన్ దానంతటదే నొక్కే బాట్ రాయడం వేరు, అది ఒక సాయంత్రం పని. నేను ఇక్కడ చెప్పేది అలాంటి బాట్ గురించి కాదు, పీఆర్‌లని వరుసలో పెట్టి, కలిపి టెస్ట్ చేసి లోపలికి పంపే మెర్జ్ క్యూ గురించి, అంటే మెయిన్ ఎప్పుడూ పాస్ అయ్యే స్థితిలోనే ఉంటుందని హామీ ఇవ్వగలిగే వ్యవస్థ గురించి, ఆ హామీని డబ్బులకి అమ్మే కంపెనీ గురించి.

ఆలోచన కొత్తది కాదు. రస్ట్ భాషని మొదలుపెట్టిన గ్రేడన్ హోర్, ఎప్పుడూ అన్ని టెస్టులూ పాస్ అయ్యే రిపాజిటరీని ఆటోమేటిక్‌గా నిలబెట్టుకోవాలన్న నియమం గురించి 2014లోనే రాశారు. రస్ట్ ప్రాజెక్ట్ బోర్స్ అనే బాట్‌తో అదే పాటిస్తూ వచ్చింది. ఓపెన్‌స్టాక్ అనే ఓపెన్ సోర్స్ క్లౌడ్ ప్రాజెక్ట్ వాళ్లు ఇదే పనికి జూల్ కట్టుకున్నారు. గిట్‌ల్యాబ్ 2019లో మెర్జ్ ట్రైన్స్ తెచ్చింది, అదే ఏడాది ఉబర్ ఇంజనీర్లు తమ సబ్‌మిట్ క్యూ ఎలా పనిచేస్తుందో పేపర్ ప్రచురించారు, గిట్‌హబ్ తన సొంత మెర్జ్ క్యూని 2023 జులైలో అందరికీ విడుదల చేసింది. కాబట్టి ఐడియా మనదే అని పిచ్ డెక్‌లో రాసుకుంటే ఎవరూ నమ్మరు. ఈ రంగంలో గెలిచేది అమలులో, కస్టమర్ టీమ్ మీ బాట్‌ని ఎంత నమ్ముతుందన్నదాంట్లో.

ఒకే ఒక్క నియమం

ఏ కమిట్ మీద టెస్టులు పాస్ అయ్యాయో, అచ్చంగా అదే కమిట్ మెయిన్‌లోకి వెళ్లాలి. దాని లాంటిది కాదు, అదే. మీ కోడ్‌లో ఎన్ని ఫీచర్లు చేర్చినా ఈ వాక్యం అబద్ధం కాకుండా చూసుకోండి, ఇది చెడిపోతే మిగతా ఏ ఫీచర్‌కీ విలువ ఉండదు.

చాలా టీమ్‌లు మెర్జ్‌కి ముందు బ్రాంచ్ మెయిన్‌తో సమానంగా ఉండాలనే సెట్టింగ్ ఆన్ చేసుకుని ఇదే సాధించామనుకుంటాయి. నిజానికి ఆ సెట్టింగ్ సరైనదే, హామీ కూడా ఇస్తుంది, కాకపోతే ఖరీదు భరించలేం. పది పీఆర్‌లు సిద్ధంగా ఉన్నాయనుకోండి. ఒకటి మెర్జ్ అవగానే మిగతా తొమ్మిదీ పాతబడతాయి, అందరూ అప్‌డేట్ బటన్ నొక్కుతారు, తొమ్మిది సీఐ రన్‌లు (సీఐ అంటే టెస్టులని దానంతట అదే నడిపే వ్యవస్థ) మళ్లీ మొదలు. ఇంకోటి మెర్జ్, మళ్లీ ఎనిమిది. అందరూ ఇలా పోటీ పడితే పది పీఆర్‌లకి మొత్తం 55 రన్‌లు అవుతాయి. పైగా రాత్రి దాకా కూర్చుని, ఖాళీ దొరగ్గానే బటన్ నొక్కిన వాళ్లదే గెలుపు. క్యూ ఉంటే వరుస ముందే తేలిపోతుంది, ఎవరి కోడ్ ఎవరి తర్వాత వస్తుందో తెలుసు కాబట్టి ఆ వరుసలోనే కలిపి టెస్ట్ చేస్తే చాలు.

అసలు లూప్ ఎలా రాయాలి

ఒక్కో రిపాజిటరీలో ఒక్కో టార్గెట్ బ్రాంచ్‌కి ఒక్క వర్కర్ మాత్రమే పనిచేయాలి. డేటాబేస్‌లో లాక్ పెట్టండి, మెమొరీలో పెట్టే లాక్ డిప్లాయ్ జరిగే ఆ కొద్ది క్షణాల్లో రెండు ప్రాసెస్‌లు ఒకేసారి నడిచినప్పుడు పనికిరాదు. వర్కర్ చేసే పని ఇది: మెయిన్ చివరి కమిట్ తీసుకుని దాని మీద తాత్కాలిక బ్రాంచ్ ఒకటి తెరవాలి, క్యూలో ముందున్న పీఆర్‌ని అందులో కలపాలి, ఆ కలిపిన కమిట్ మీద సీఐ నడిచేదాకా ఆగాలి, పాస్ అయితే మెయిన్‌ని ఫాస్ట్‌ఫార్వర్డ్‌గా (అంటే కొత్త కమిట్ ఏదీ చేయకుండా) ఆ కమిట్‌కి జరపాలి. ఫెయిల్ అయితే పీఆర్‌ని క్యూలోంచి తీసి, ఎందుకు తీశారో రాసి, తర్వాతి దానికి వెళ్లాలి.

ఇందులో ప్రాణం ఫాస్ట్‌ఫార్వర్డ్ దగ్గరే ఉంది. ఫోర్స్ లేకుండా రెఫ్ (బ్రాంచ్ పేరు ఏ కమిట్‌ని చూపిస్తుందో అది) అప్‌డేట్ చేయండి. మధ్యలో ఎవరైనా మెయిన్‌కి నేరుగా పుష్ చేసి ఉంటే ఆ అప్‌డేట్‌ని సర్వర్ తిరస్కరిస్తుంది, అప్పుడు మీ తాత్కాలిక బ్రాంచ్‌ని పారేసి కొత్త మెయిన్ మీద మొదటినుంచి మొదలుపెట్టాలి. దీనికి బదులు గిట్‌హబ్ మెర్జ్ ఏపీఐని పిలిచి అదే పని అయిపోయిందనుకునే వాళ్లుంటారు. ఆ ఏపీఐకి మీరు ఇచ్చే ఎస్‌హెచ్‌ఏ (కమిట్ గుర్తింపు సంఖ్య) పీఆర్ బ్రాంచ్ చివరి కమిట్ మారలేదని మాత్రమే చూస్తుంది, మెయిన్ కదిలిందా లేదా అన్నది చూడదు. ఆ దారిలోనే వెళ్లాలంటే మెయిన్‌కి మీ బాట్ తప్ప ఇంకెవరూ రాయలేకుండా బ్రాంచ్ ప్రొటెక్షన్ పెట్టించి తీరాలి.

స్క్వాష్ మెర్జ్ (పీఆర్‌లోని కమిట్‌లన్నింటినీ ఒకే కమిట్‌గా కలిపేయడం) వాడే టీమ్‌ల దగ్గర ఇంకో చిక్కు ఉంటుంది. మీరు మామూలు మెర్జ్ కమిట్ మీద టెస్ట్ చేసి, చివర్లో ఏపీఐతో స్క్వాష్ చేయిస్తే మెయిన్‌లో పడేది కొత్త కమిట్. కోడ్ అదే ఉండొచ్చు, కానీ ఉండొచ్చు అనే మాట మీద కంపెనీ నడపలేం కదా. రెండు కమిట్‌ల ట్రీ హ్యాష్‌లు పోల్చండి, ఒకటే అయితే ఫైళ్లన్నీ అక్షరం తేడా లేకుండా ఒకటే అని అర్థం. లేదా తాత్కాలిక బ్రాంచ్‌లోనే స్క్వాష్ కమిట్ తయారుచేసి, దాన్నే టెస్ట్ చేసి, దాన్నే మెయిన్‌కి జరపండి. ఈ రెండో పద్ధతి శుభ్రంగా ఉంటుంది, కాకపోతే పీఆర్‌లోని అసలు కమిట్‌లు మెయిన్ చరిత్రలో లేవు కాబట్టి గిట్‌హబ్ ఆ పీఆర్‌ని మెర్జ్ అయినట్టు గుర్తించదు, మీరు మూసేస్తే క్లోజ్ అయినట్టే కనిపిస్తుంది. బోర్స్‌లో ఒక రకం ఇందుకే పీఆర్ టైటిల్ ముందు బోర్స్ మెర్జ్ చేసిందని చేర్చేది. డెవలపర్లకి మెర్జ్ అయిందని చూపే ఆ ఊదారంగు గుర్తు కనపడకపోతే చాలా బాధ, చిన్న విషయంలా ఉంటుంది కానీ సపోర్ట్ టికెట్లు దీనిమీదే ఎక్కువ వస్తాయి, అందుకే ఏ పద్ధతి ఎంచుకున్నా ఇన్‌స్టాల్ పేజీలోనే చెప్పేయండి.

ప్రతి అడుగుకీ ముందు, ఇది ఇప్పటికే జరిగిపోయిందా అని చూసే అలవాటు కోడ్‌లో ఉండాలి. మెయిన్‌ని జరిపిన తర్వాత, డేటాబేస్‌లో రాసేలోపు ప్రాసెస్ పడిపోతే, మళ్లీ లేచాక అది మెయిన్ చరిత్రలో ఆ కమిట్ ఉందో లేదో వెతికి, ఉంటే పని అయినట్టు రాసుకుని ముందుకి పోవాలి.

వెబ్‌హుక్‌లని నమ్ముకోవద్దు

కొత్తగా మొదలుపెట్టే వాళ్లు వెబ్‌హుక్‌లో (ఏదైనా జరిగినప్పుడు గిట్‌హబ్ మీ సర్వర్‌కి పంపే వార్తలో) వచ్చిన సమాచారాన్నే నిజమనుకుని స్టేట్ మార్చేస్తారు. వెబ్‌హుక్ ఎవరో వచ్చి తలుపు తట్టడం లాంటిది, ఎవరు వచ్చారో తెలియాలంటే తలుపు తీసి చూడాల్సిందే. గిట్‌హబ్ విషయంలో తెలిసి ఉండాల్సినవి చెప్తాను. మీ సర్వర్ 10 సెకన్లలో జవాబివ్వకపోతే ఆ డెలివరీ ఫెయిల్ అయినట్టు లెక్క. ఫెయిల్ అయిన డెలివరీని గిట్‌హబ్ దానంతట అది మళ్లీ పంపదు, మీరే అడిగి తెప్పించుకోవాలి. వచ్చే వరుస మీద గ్యారంటీ లేదు, సీఐ పూర్తయిందనే వార్త సీఐ మొదలైందనే వార్త కన్నా ముందే రావచ్చు. మళ్లీ తెప్పించుకున్నది అదే డెలివరీ ఐడీతో వస్తుంది కాబట్టి ఐడీ గుర్తుపెట్టుకుని రెండోసారి వస్తే వదిలేయాలి. వచ్చినదాని సంతకం చూడకుండా అసలు లోపలికి రానివ్వొద్దు, లేకపోతే ఎవరైనా సీఐ పాస్ అయిందని నకిలీ వార్త పంపి కోడ్ మెర్జ్ చేయించుకోగలరు.

కాబట్టి పద్ధతి ఏంటంటే, వెబ్‌హుక్ రాగానే సంతకం చూసి, ఒక జాబ్ క్యూలో పడేసి, వెంటనే జవాబిచ్చేయాలి. ఆ తర్వాత వర్కర్ వెళ్లి, ఆ పీఆర్ ఇప్పుడు నిజంగా ఏ స్థితిలో ఉందో ఏపీఐని అడిగి తెలుసుకుని, దాని మీద నిర్ణయం తీసుకోవాలి. దీనికి తోడు కొన్ని నిమిషాలకోసారి క్యూలో ఉన్న వాటన్నింటినీ తిరిగి చూసే జాబ్ ఒకటి ఉండాలి, వార్త తప్పిపోయినా పీఆర్ గంటల తరబడి ఇరుక్కుపోకుండా. కానీ ఆ జాబ్‌ని మరీ తరచుగా నడపొద్దు. ఒక్కో ఇన్‌స్టాలేషన్‌కి (మీ యాప్ పెట్టుకున్న ఒక్కో అకౌంట్‌కి) గంటకి 5,000 రిక్వెస్టులు కనీస పరిమితి, 200 పీఆర్‌లని నిమిషానికోసారి ఒక్కొక్కటిగా అడిగితే గంటకి 12,000 అవుతాయి. గ్రాఫ్‌క్యూఎల్‌తో ఒకే ప్రశ్నలో చాలా పీఆర్‌ల స్థితి తెప్పించుకోవచ్చు, క్యూలో ఉన్నవాటినే అడగొచ్చు. ఇన్‌స్టాలేషన్ టోకెన్ గంటకే అయిపోతుందన్నది కూడా గుర్తుంచుకోండి, అర్ధరాత్రి వచ్చే వింత ఎర్రర్లలో కొన్ని ఇక్కడివే.

వేగం, ఫ్లేకీ టెస్టులు

సీఐకి 20 నిమిషాలు పడుతుంది, ఒక్కొక్క పీఆర్‌నే టెస్ట్ చేస్తున్నారు అంటే గంటకి మూడు, ఎనిమిది గంటల్లో 24. టీమ్ రోజుకి 40 పీఆర్‌లు పెడుతుంటే సాయంత్రానికి 16 మిగిలిపోతాయి, రేపటికి ఇంకో 16. క్యూ పెట్టిన వారానికే జనం దాన్ని తిట్టుకోవడం మొదలవుతుంది. కాబట్టి రెండు దారులు.

మొదటిది బ్యాచ్. నాలుగైదు పీఆర్‌లని కలిపి ఒకేసారి టెస్ట్ చేసి, పాస్ అయితే అన్నింటినీ కలిపే పంపేయడం. ఫెయిల్ అయితే సగానికి విడగొట్టి ఏది చెడ్డదో వెతకాలి, ఎనిమిది ఉన్న బ్యాచ్‌లో ఒక చెడ్డదాన్ని పట్టుకోవడానికి ఇంకో మూడు రన్‌లు, అంటే పైన చెప్పిన సీఐతో ఒక గంట. అందుకని బ్యాచ్ ఎంత పెద్దగా ఉండాలో ఫెయిల్ అయ్యే రేటుని బట్టి నిర్ణయించాలి. ఒక్కో పీఆర్ ఫెయిల్ అయ్యే అవకాశం 2 శాతం అయితే ఎనిమిది ఉన్న బ్యాచ్ 85 శాతం సార్లు పాస్ అవుతుంది, ఇరవై ఉన్నది 67 శాతం సార్లే. రెండోది ముందే పందెం వేయడం: వరుసలో ఏ, బీ, సీ అనే మూడు పీఆర్‌లుంటే, ముందున్నవి పాస్ అవుతాయనుకుని, ఏ ఒక్కటి ఉన్నది, ఏ-బీ కలిపినది, ఏ-బీ-సీ కలిపినది మూడూ ఒకేసారి టెస్ట్ చేయడం. అన్నీ బాగుంటే 20 నిమిషాల్లో మూడూ వెళ్లిపోతాయి, ఏ ఫెయిల్ అయితే వెనకున్న రెండింటినీ మళ్లీ మొదలుపెట్టాలి, అంతసేపు వాడిన సీఐ మెషీన్ల డబ్బు వృథా. సీఐ చౌకగా దొరికే టీమ్‌కి రెండోది, సీఐ బిల్లు చూసి భయపడే టీమ్‌కి మొదటిది. రెండూ కలిపి నడిపే క్యూలు కూడా ఉన్నాయి, కానీ మొదటి వెర్షన్‌లో ఆ పని పెట్టుకోవద్దు, బ్యాచ్ ఒక్కటి సరిగ్గా చేయండి చాలు.

పెద్ద మోనోరెపో (చాలా ప్రాజెక్టుల కోడ్ అంతా ఒకే రిపాజిటరీలో) ఉన్న వాళ్ల దగ్గర మూడో దారి ఉంటుంది. బేజెల్ లాంటి బిల్డ్ టూల్ ఉంటే ఏ మార్పు ఏ టార్గెట్లని తాకుతుందో తెలుసుకోవచ్చు, ఒకదానితో ఒకటి సంబంధం లేని మార్పులని వేరువేరు వరుసల్లో నడిపించొచ్చు. ఫోల్డర్ పేర్లు చూసి సంబంధం లేదని తేల్చేయడం మాత్రం ప్రమాదం, ఎక్కడో ఒక కాన్ఫిగ్ ఫైల్ అన్నింటినీ కలిపి ఉంచుతుంది.

ఇప్పుడు ఫ్లేకీ టెస్టులు. కోడ్ మారకుండానే ఒకసారి పాస్, ఒకసారి ఫెయిల్ అయ్యే టెస్టులు. క్యూ లేనప్పుడు ఎవరికి తగిలితే వాళ్లు రీరన్ నొక్కుకుని ఊరుకుంటారు, క్యూ వచ్చాక ఒకరికి తగిలిన ఫ్లేక్ వెనకున్న అందరినీ ఆపుతుంది. ఒక రన్ ఉత్తినే ఫెయిల్ అయ్యే అవకాశం 5 శాతమే అనుకోండి, పది రన్‌ల వరుస ఒక్క ఫ్లేక్ కూడా లేకుండా పూర్తయ్యే అవకాశం 60 శాతం దగ్గర ఆగిపోతుంది. కస్టమర్ దృష్టిలో మాత్రం నెమ్మదించింది మీ క్యూ. వాళ్ల టెస్టుల తప్పని నిరూపించినా ప్రయోజనం లేదు, కాబట్టి ఆ సమస్యని మీ ప్రోడక్ట్ లోపలికి తెచ్చుకోండి. నా అభిప్రాయంలో మెర్జ్ క్యూ కంపెనీకి అసలు విలువ వచ్చేది ఇక్కడినుంచే.

ఒకే కమిట్ మీద ఒకే టెస్ట్ రెండు రకాల ఫలితం ఇస్తే అది ఫ్లేకీ అనడానికి సాక్ష్యం అదే, ఊహించాల్సిన పని లేదు. ఆ సాక్ష్యం మీ క్యూ దగ్గర ఊరికే పోగవుతుంది, దాచిపెట్టండి. ఫెయిల్ అయిన జాబ్‌ని మాత్రమే ఒకసారి తిరిగి నడపండి, మొత్తం రన్‌ని కాదు, అది కూడా ఒకసారే, ఎందుకంటే పాస్ అయ్యేదాకా తిరిగి నడిపితే నిజంగా చెడ్డ కోడ్ కూడా ఏదో ఒక రన్‌లో దూరిపోతుంది. బాగా తెలిసిన ఫ్లేకీ టెస్టులని పక్కన పెట్టే సదుపాయం ఇవ్వండి: అవి నడుస్తాయి, ఫలితం కనిపిస్తుంది, మెర్జ్‌ని మాత్రం ఆపవు. కానీ పక్కన పెట్టిన ప్రతి టెస్ట్‌కీ ఒక ఓనర్ పేరు, ఒక గడువు తేదీ తప్పనిసరిగా అడగండి. గడువు లేకపోతే ఆ జాబితా పెరుగుతూ పోతుంది, ఏడాది తర్వాత చూస్తే సగం పేమెంట్ టెస్టులు అందులోనే ఉంటాయి.

గిట్‌హబ్ సొంత క్యూ వాడుతుంటే

అందరూ సొంతంగా కట్టాల్సిన పని లేదు. గిట్‌హబ్ క్యూ మీకు సరిపోతే అదే వాడండి. రెండు చోట్ల మాత్రం జాగ్రత్త. మెర్జ్ గ్రూప్ అనే ఈవెంట్‌ని మీ యాక్షన్స్ వర్క్‌ఫ్లోలో ట్రిగ్గర్‌గా చేర్చకపోతే తప్పనిసరి చెక్ అసలు మొదలే కాదు, టైమవుట్ అయ్యేదాకా పీఆర్ అలా ఎదురుచూస్తూనే ఉండి చివరికి క్యూలోంచి పడిపోతుంది. రెండోది, పాత రన్‌ని రద్దుచేసే కాన్‌కరెన్సీ సెట్టింగ్‌ని పీఆర్ బ్రాంచ్ పేరుతో కట్టి ఉంటే, క్యూ ఈవెంట్‌లో ఆ పేరు ఖాళీగా వస్తుంది, దాంతో క్యూలో రన్‌లు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. పేరు ఖాళీగా ఉంటే రన్ ఐడీ వాడమని రాస్తే సరిపోతుంది.

సెక్యూరిటీ గురించి తప్పక చూడాల్సినవి

మెర్జ్ నియమాలని రిపాజిటరీలోనే ఒక ఫైల్‌లో పెట్టించడం మంచి పద్ధతి, ఎవరు ఎప్పుడు మార్చారో గిట్ చరిత్రలో ఉంటుంది. ఆ ఫైల్‌ని ఎప్పుడూ మెయిన్ బ్రాంచ్‌లోంచే చదవండి. పీఆర్ బ్రాంచ్‌లోంచి చదివితే, ఇద్దరి అప్రూవల్ అక్కర్లేదని తన నియమం తానే మార్చుకునే పీఆర్ ఎవరైనా పెట్టగలరు. క్యూలో చేరాక పీఆర్‌లో కొత్త కమిట్ పడితే వెంటనే బయటికి తీయండి, రివ్యూ జరిగింది పాత కమిట్ మీద కదా.

అన్నింటికన్నా ముఖ్యమైనది ఫోర్క్‌ల (వేరేవాళ్లు తమ అకౌంట్‌లో చేసుకున్న రిపాజిటరీ కాపీల) విషయం. బయటివాళ్ల ఫోర్క్‌నుంచి వచ్చిన పీఆర్‌కి మామూలుగా సీఐలో సీక్రెట్లు (పాస్‌వర్డ్‌లు, కీలు) అందవు. మీ క్యూ ఆ కోడ్‌ని తాత్కాలిక బ్రాంచ్‌గా అసలు రిపాజిటరీలోకి తెచ్చిన క్షణంలోనే అది సొంత కోడ్ అయిపోతుంది, సీక్రెట్లు అందుబాటులోకి వస్తాయి. రాసే హక్కు ఉన్న వ్యక్తి ఆ కమిట్‌ని చూసి ఒప్పుకున్నాకే క్యూలోకి రానివ్వాలి, పీఆర్ రాసినవాళ్లు కామెంట్ పెడితే చాలు క్యూలో చేరిపోయే ఏర్పాటు ఎట్టి పరిస్థితిలోనూ ఉండకూడదు.

ఇక కంపెనీ

మీ కస్టమర్ ఎవరో ముందే గట్టిగా తేల్చుకోండి. నలుగురున్న టీమ్ వచ్చి అడిగితే మీకిది ఇప్పుడు అక్కర్లేదని చెప్పండి, నిజాయితీగా. వాళ్లు పెరిగాక తిరిగొస్తారు, పైగా మీ మాట మీద గురి ఉంటుంది. మెయిన్ విరిగితే పదుల మంది పని ఆగిపోయే టీమ్‌లు, సీఐ నెమ్మదిగా ఉన్న టీమ్‌లు, మోనోరెపో వైపు వెళ్తున్న టీమ్‌లు మీవాళ్లు. అక్కడ మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చేది మేనేజర్ కాదు, రోజూ విరిగిన మెయిన్‌ని బాగుచేసి విసిగిపోయిన ప్లాట్‌ఫామ్ ఇంజనీర్. ఆ ఒక్క మనిషికి ఆఫీసులో పేరొచ్చేలా చేయడమే మీ మొదటి ఏడాది సేల్స్ అనుకోండి.

గిట్‌హబ్ ఉచితంగా ఇస్తుంటే మీకు డబ్బెందుకివ్వాలి అని ప్రతి కాల్‌లో అడుగుతారు. దీనికి తడబడకుండా జవాబుండాలి. ఆ క్యూ ఆర్గనైజేషన్ల పబ్లిక్ రిపాజిటరీలకీ, ప్రైవేట్ అయితే ఎంటర్‌ప్రైజ్ క్లౌడ్ ప్లాన్ వాళ్లకీ దొరుకుతుంది, కాబట్టి బయట మిగిలిన టీమ్‌లు చాలానే ఉన్నాయి. కానీ ఆ ఒక్క కారణం మీద కంపెనీ కట్టొద్దు, ప్లాన్‌లు ఎప్పుడైనా మారతాయి. ఫ్లేకీ టెస్టుల నిర్వహణ, టార్గెట్లని బట్టి సమాంతర వరుసలు, సీఐ బిల్లు తగ్గించడం, క్యూ ఎందుకు నెమ్మదించిందో చూపించే వివరాలు, ఇలా ప్లాట్‌ఫామ్ వాళ్లు అంత లోతుకి వెళ్లని చోట మీరు లోతుకి వెళ్లాలి.

అమ్మడానికి అన్నింటికన్నా బాగా పనికొచ్చేది చూసి ఊరుకునే మోడ్. చదివే పర్మిషన్ మాత్రమే తీసుకుని, ఏమీ మెర్జ్ చేయకుండా, గత మూడు నెలల చరిత్ర చూసి మెయిన్ ఎన్నిసార్లు విరిగింది, ఎన్ని గంటలు విరిగి ఉంది, ఎన్ని రీరన్‌లు అయ్యాయి, క్యూ ఉండి ఉంటే ఏం జరిగేది అన్నది రిపోర్ట్‌గా ఇవ్వండి. వాళ్ల సొంత అంకెలు చూశాక మీరు వాదించాల్సిన అవసరం ఉండదు. రిపోర్ట్‌లో సమస్య పెద్దగా కనపడకపోతే అదీ అలాగే చెప్పండి. ఆ తర్వాత ఒకే ఒక్క రిపాజిటరీలో ఆన్ చేయించండి, అందరికీ అవసరమైనది కాకుండా, విరిగినా పర్వాలేదనుకునేది.

ధర విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. మెర్జ్‌కి ఇంత అని తీసుకోవద్దు. అలా చేస్తే ఖర్చు తగ్గించుకోవడానికి జనం నాలుగు చిన్న మార్పులని ఒక పెద్ద పీఆర్‌గా కలిపేస్తారు, రివ్యూ కష్టమవుతుంది, విరిగే అవకాశం పెరుగుతుంది, మీ ధరే మీ ప్రోడక్ట్‌కి ఎదురు పనిచేస్తుంది. నెలలో నిజంగా కమిట్ చేసిన మనుషుల లెక్కన తీసుకోండి, బాట్‌లని లెక్కలోకి తేవద్దు. ఓపెన్ సోర్స్‌కి ఉచితంగా ఇవ్వండి, వాళ్ల దగ్గర వచ్చినంత వైవిధ్యమైన సీఐ సెటప్‌లు మీకు ఇంకెక్కడా దొరకవు, అక్కడ వాడిన ఇంజనీర్లే రేపు తమ ఆఫీసులో మీ పేరు చెప్తారు.

కొంచెం పెద్ద కస్టమర్ రాగానే సెక్యూరిటీ ప్రశ్నావళి వస్తుంది, సాక్ 2 రిపోర్ట్ (సెక్యూరిటీ నియంత్రణల మీద బయటి ఆడిటర్ ఇచ్చే రిపోర్ట్) అడుగుతారు. టైప్ 1 అంటే ఒక తేదీన మీ నియంత్రణలు ఎలా రూపొందించి ఉన్నాయో చూడటం, టైప్ 2 అంటే కొన్ని నెలల పాటు అవి నిజంగా నడిచాయా అని చూడటం. రెండోదానికి కాలం పడుతుంది కాబట్టి ఎవరో అడిగేదాకా ఆగకుండా ముందే మొదలుపెట్టండి. అసలు డిజైన్‌లోనే కస్టమర్ కోడ్ మీ డిస్క్ మీదకి రాకుండా చూసుకుంటే సగం ప్రశ్నలకి జవాబు తేలికవుతుంది. ఒక బ్రాంచ్‌ని ఇంకో బ్రాంచ్‌లో కలిపే పని గిట్‌హబ్ ఏపీఐతోనే చేయించొచ్చు, క్లోన్ చేసుకోవాల్సిన పని లేదు. అయితే కోడ్ రాసే పర్మిషన్ ఉన్న యాప్ కోడ్‌ని చదవగలదు కూడా, ఆ సంగతి దాచకుండా చెప్పి, ఆ కీలని ఎలా కాపాడుతున్నారో వివరించండి.

మీ సర్వీస్ పడిపోతే కస్టమర్ డిప్లాయ్‌లు ఆగిపోతాయి, వాళ్ల ప్రొడక్షన్‌లో అప్పుడే ఏదో మంటలంటుకుని ఉండొచ్చు. అందుకని ఎమర్జెన్సీ దారి మొదటి రోజునుంచే ఉండాలి: అడ్మిన్ మీ బాట్‌ని దాటి నేరుగా ఎలా మెర్జ్ చేయాలో ఒక చిన్న పేజీ రాసి, ఇన్‌స్టాల్ అప్పుడే వాళ్లచేత ఒకసారి చేయించి చూపించండి. ఆ మెర్జ్ తర్వాత మీ క్యూ ఏమీ జరగనట్టు కొత్త మెయిన్ మీద మళ్లీ మొదలవ్వాలి. మీ సొంత రిపాజిటరీకి కూడా మీ క్యూనే వాడండి, తప్పకుండా వాడండి, కానీ క్యూ చెడిపోయినప్పుడు దాన్ని బాగుచేసే పీఆర్ అదే చెడిపోయిన క్యూలో ఇరుక్కుంటుందన్నది ముందే ఆలోచించి, ఆ ఎమర్జెన్సీ దారిని మీరూ అప్పుడప్పుడు సాధన చేస్తూ ఉండండి.

బాట్ రాసే మెసేజ్‌ల మీద డిజైనర్ పెట్టినంత శ్రద్ధ పెట్టండి. చెక్ ఫెయిల్ అయింది అని ఒక ముక్క రాస్తే అది మెసేజ్ కాదు. ఏ టెస్ట్ ఫెయిల్ అయింది, ఈ పీఆర్ వల్లా లేక బ్యాచ్‌లో ఇంకోదాని వల్లా, ఇప్పుడు డెవలపర్ ఏం చేయాలి, మళ్లీ క్యూలో ఎలా చేరాలి, ఇవన్నీ రెండు వాక్యాల్లో ఉండాలి. ఒకే కామెంట్‌ని మారుస్తూ ఉండండి, ప్రతి అడుగుకీ కొత్త కామెంట్ పెడితే రెండో రోజే నోటిఫికేషన్లు ఆపేస్తారు.

వారం వారం చూసుకోవాల్సిన అంకెలు తక్కువే. పీఆర్ క్యూలో గడిపే సమయం, సగటు కాకుండా మధ్యగతం (మీడియన్), 95వ పర్సంటైల్ (వందలో 95 పీఆర్‌లు ఎంత సమయంలోపు అయిపోయాయో అది) రెండూ. మెయిన్ విరిగి ఉన్న నిమిషాలు. కోడ్ బాగున్నా ఫ్లేక్ వల్ల క్యూలోంచి తీసేసిన పీఆర్‌ల వాటా. ఈ మూడోది పెరుగుతుంటే కస్టమర్ నోరు తెరిచి చెప్పకముందే వెళ్లిపోయే ఆలోచనలో ఉన్నట్టు లెక్క, ఆ రోజే ఫోన్ చేయండి.

చివరిగా అన్‌ఇన్‌స్టాల్. చాలామంది దీన్ని వదిలేస్తారు. యాప్ తీసేసిన తర్వాత మీ దగ్గర టోకెన్ ఉండదు కాబట్టి మీరు వదిలిన తాత్కాలిక బ్రాంచ్‌లని శుభ్రం చేయలేరు, మీ బాట్ మాత్రమే రాయగలదన్న బ్రాంచ్ ప్రొటెక్షన్ అలాగే మిగిలిపోయి ఎవరూ మెర్జ్ చేయలేని పరిస్థితి వస్తుంది. అందుకని డాష్‌బోర్డ్‌లో ఆపేయి అనే బటన్ వేరుగా పెట్టండి. అది క్యూని ఖాళీ చేసి, తాత్కాలిక బ్రాంచ్‌లు తొలగించి, ప్రొటెక్షన్ నియమాల్లో ఏవి మార్చుకోవాలో జాబితా చూపించి, ఆ తర్వాతే యాప్ తీసేసే పేజీకి తీసుకెళ్లాలి. నిల్వ ఉన్న వాళ్ల డేటాని ఎన్ని రోజుల్లో తుడిచేస్తారో కాంట్రాక్ట్‌లో రాసిన తేదీకే ఒక జాబ్ కట్టి పెట్టండి, అది నడిచిందని వాళ్లకి మెయిల్ వెళ్లేలా చేయండి.